అంకె కింద అంకె

మొదట బిగించిన మీటరు డెబ్భై రెండు చూపిస్తుంటే
చంపావతి వంతెన మీద
పాలక్యాన్ల మోపెడ్ వాడొకడు మమ్మల్ని దాటిపోతూ
"బండి ఆగిపోనాదేటి బాబూ" అన్నాడు.

ఆ రాత్రే విప్పేశాను.
విశాఖలో కొన్నది. నీలం వెలుగు.
దాని బుర్రలో మోటారు సైకిలు చక్రం కొలత ఉందని
తర్వాత తెలిసింది.

కారు నాది. అంటే,
చీపురుపల్లి రైసుమిల్లు వెనక దొరికిన హెరాల్డు ఛాసిస్,
ఎవరిదో తెలియని గేరుబాక్సు,
జూట్ మిల్లు గోదాం రేకుతో బానెట్టు.
డాష్‌బోర్డు ఒక్కటే కొత్తది.
బొబ్బిలిలో వీణలు చెక్కే అచ్చయ్యాచారి
మిగిలిన పనసచెక్కతో చేసిచ్చాడు.
వేలితో తడితే ఇంకా మోగుతుంది.
దాని మధ్య మూడంగుళాల పైచిల్లర రంధ్రం
రెండు నెలలుగా కనుగుడ్డు లేని కన్నులా నాకేసి చూస్తోంది.

మూడు లాంతర్ల దగ్గర గౌస్ మామ
పాత పేపరు పరిచి మూడు మీటర్లు పెట్టాడు.

ఒకటి మైళ్ళది. ముల్లు దొండపండు ఎరుపు.
నా మనసు దాని మీదే.
"రామతీర్థం రోడ్డు మీద రాళ్ళన్నీ కిలోమీటర్లే గదా,
రాయి రాయికీ గుణకారం సేస్తావేటి?"
రెండోది లారీది, అప్పడమంత.
పట్టాలంటే పనస కొయ్యాలి,
కోస్తే అచ్చయ్య నాతో మాట్లాడడు.
మూడోది ఫియట్‌ది.
ముసలి పన్నులా పచ్చబడ్డ ముఖం.

"మొకం కాదురా, ఇది సూడు"
అని భూతద్దం నా చేతిలో పెట్టాడు.
అడుగున, కంపెనీ పేరుకీ కింద,
నువ్వుగింజంత అంకె: 640.
"కిలోమీటరుకి తీగ ఎన్ని సుట్లు తిరగాలో అది.
నీ బండి ఎన్ని తిప్పుతాదో నీకు తెల్దు.
అందుకే పాలోడు దాటీసాడు."
(ఆ సంగతి ఊరంతా తిరిగింది, మీటరు లేకుండానే.)

ఆదివారం, ఎండెక్కక ముందు,
మిల్లు గోడ పక్క తారురోడ్డు మీద
టేపు పట్టి వంద మీటర్లు కొలిచాం.
ఇక్కడ సున్నం గీత. అక్కడ సున్నం గీత.
గేరుబాక్సు నుంచి వచ్చే తీగ కొసకి
క్యాలెండరు ముక్క జెండాలా అంటించి
చెల్లి కూతురు నూకరత్నం లోపల ముడుచుకుని లెక్కపెడుతుంటే
నేనూ, ఫిట్టరు దాలినాయుడూ తోశాం.
వంద మీటర్లు ఎంత దూరమో
తోసినవాణ్ణి అడగాలి.

యాభై ఒకటి, యాభై రెండు...
మేకొకటి అడ్డం వచ్చింది.
"మావా, మర్సిపోనాను!"
మళ్ళీ మొదటి గీతకి.
రెండోసారి దాలినాయుడు చెప్పు తెగింది.
మూడోసారి గీత మీద ఆగేసరికి
అరవై మూడున్నర.

అంటే ఆరువందల ముప్పై ఐదు.
ఫియట్‌కి ఐదు తక్కువ.

గౌస్ మామ గడ్డం గోక్కున్నాడు.
"వంద మీద పోతే తొంభై తొమ్మిది సూపిస్తాది.
నీ బండి వంద పోయిన్నాడు సెప్పు, అప్పుడు సూద్దాం."
ఆగి, ఇంకో మాట అన్నాడు:
టైర్లు అరిగేకొద్దీ చక్రం చిన్నదవుతుంది,
చిన్నదయ్యేకొద్దీ ఎక్కువ తిరుగుతుంది,
కొన్నాళ్ళకి ఆ ఐదూ అదే నింపుకుంటుంది.

ఆ మాటకే కొన్నాను.

"లోపల అంకెలు సున్నా సేసియ్యనా?"
ముప్పై ఎనిమిది వేల నాలుగువందల పదహారు.
వద్దన్నాను.
సున్నా అయితే అబద్ధం.
ఇదీ అబద్ధమే గానీ
ఎవరో నిజంగా తిరిగిన అబద్ధం.

ఇప్పుడు రామతీర్థం దారిలో ఉన్నాం.
ముల్లు ముప్పై ఐదు మీద వణుకుతోంది,
తీగకి గ్రీజు పెట్టాలి.
పదహారు మెల్లగా మెడ వంచి పదిహేడవుతోంది.
పక్క సీట్లో నూకరత్నం
మీటరు వైపు చూడనైనా చూడదు,
కిటికీలోంచి తల పెట్టి
రాళ్ళు లెక్కపెడుతోంది.